పడమా? పాదమా?

ఫోటో దామోదరన్ సరేనంటే తప్ప ఆ చుట్టుపక్కల తాళి మెడలో పడేది కాదు. ముహూర్తం పెట్టేది అయ్యవారే, కానీ ముడి ఎప్పుడు వేయాలో చెప్పేది మాత్రం దామోదరన్. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగినవాడు వంగినట్టే ఉండిపోయేవాడు, నాదస్వరం ఊదేవాళ్ళ బుగ్గలు ఉబ్బినవి ఉబ్బినట్టే ఉండేవి. ఈయన మాత్రం తాపీగా "అట్నే ఉండు, అట్నే ఉండు, మొగం ఇట్టా ఎత్తు" అంటూ ఫ్లాష్ సిద్ధమయ్యేదాకా అందరినీ ఆపేసేవాడు. పటంలో పడనిది జరగనట్టే అని అతని నమ్మకం. మొహం కనబడని ఫోటో ఫోటోయే కాదని ఇంకో నమ్మకం. ఎవరైనా కాదంటే, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం.

పుదుచ్చేరి నటేశన్ నగర్‌లో ముందు స్టూడియో, వెనక ఇల్లు. ఇంట్లో తల్లి రంగమ్మాళ్‌తో మాట్లాడేది తెలుగు. ఎన్ని తరాల కిందటో వచ్చి విల్లియనూరు పక్కన పొలాలు దున్నుకున్న కుటుంబం వాళ్ళది. ఆ భాషలో దామోదరన్‌కి ఒక్క అక్షరం కూడా రాయడం రాదు, గడప దాటితే అంతా తమిళమే. తెలుగు అతనికి వంటింటి భాష. అమ్మని కూర అడగడానికీ, బేరం చేసేటప్పుడు అంగడివాడికి అర్థం కాకుండా ఇంట్లోవాళ్ళతో గుసగుసలాడడానికీ పనికొచ్చేది.

పుట్టుకకి హిందువే అయినా, ఊళ్ళో ఒక మాతా కోయిల్‌కి, అంటే మేరీమాత చర్చికి, ఏళ్ళ తరబడి ఫోటోలు తీసేది అతనే. కొత్త నన్మ, అంటే మొదటిసారి అప్పప్రసాదం పుచ్చుకునే పిల్లలు, పెళ్ళిళ్ళు, శవపేటిక చుట్టూ నిలబడిన చుట్టాలు, అన్నీ అతని కెమెరాలోంచే పోయాయి. ఫాదర్ అప్పం ఎత్తి పట్టుకున్నప్పుడు కోయిలంతా మోకరిల్లేది, నిలబడి ఉండేది దామోదరన్ ఒక్కడే. "ఇంకొంచెం ఎత్తండి ఫాదర్" అని చేత్తో సైగ కూడా చేసేవాడు. ఆ ఎత్తడమేమిటో, వీళ్ళు ఎందుకు తల వంచుతున్నారో ఎన్నడూ అడగలేదు. పూజ అతనికి వరసగా వచ్చే భంగిమలే. ఏ భంగిమ తర్వాత ఏది వస్తుందో కోయిల్ పనులన్నీ చూసే ఉపదేశి కంటే బాగా తెలుసు.

రెండు వేల మూడులో ఆ కోయిల్‌కి జూబిలీ వచ్చింది. ఫాదర్ సవరిముత్తు జూబిలీ మలర్ అని ప్రత్యేక సంచిక ఒకటి అచ్చు వేయిస్తున్నామనీ, అట్ట మీద ఈస్టర్ ముందటి పెద్ద బేస్తవారం నాటి కాళ్ళు కడిగే ఫోటో రావాలనీ, లోపల "ఫోటోలు: ఆర్. దామోదరన్" అని పేరు కూడా వేస్తామనీ అన్నారు. ఇన్నేళ్ళలో అతని పేరు ఎక్కడా అచ్చయింది లేదు. పైగా ఊళ్ళో డిజిటల్ స్టూడియోలు వచ్చిపడి, పాత గిరాకీలు కూడా అటే తొంగిచూస్తున్న రోజులవి. ఆ ఒక్క అట్టబొమ్మ బాగా వస్తే చాలు, దామోదరన్ అంటే ఎవరో పుదుచ్చేరి మొత్తానికి తెలుస్తుంది. అప్పటినుంచీ అతనికి అదే ధ్యాస అయిపోయింది.

పండగ వారంలో ఉపదేశి ఇంటికి ఫోన్ చేశాడు. దామోదరన్ అప్పుడు ఇంట్లో లేడు. పొయ్యి మీద కుక్కర్ కూత పెడుతుంటే రంగమ్మాళ్ ఒక చెవి మూసుకుని, ఇంకో చెవికి రిసీవర్ ఆనించి, సరి సరి అని పెట్టేసింది.

"బేస్తవారం సాయంత్రం పడం ఉందంటరా," అంది కొడుకు రాగానే. "ఫాదర్ నిన్ను తప్పకుండా రమ్మన్యాడంట."

పడం అంటే ఫోటో. పటాన్ని తమిళం నోట్లో వేసుకుని నమిలితే పడం అవుతుంది.

"ఫోటోవాణ్ణి పడానికి కాకుండా ఇంకేటికి పిలుస్తారుమా," అన్నాడు దామోదరన్. "అది నాకు చెప్పాల్నా?"

బేస్తవారం పొద్దుగూకకముందే కోయిల్‌కి చేరాడు. తమ స్వామి చనిపోయే ముందు రాత్రి నడుముకి తువ్వాలు చుట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడని వాళ్ళ నమ్మకం. అందుకే ఆ సాయంత్రం ఫాదర్ పన్నెండుమంది మగవాళ్ళ కాళ్ళు కడుగుతారు. పీఠం ముందు పన్నెండు కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. మామూలుగా అక్కడ కోయిల్ పెద్దలు ఇస్త్రీ చొక్కాల్లో కూర్చునేవాళ్ళు. ఈసారి చూస్తే కాపలావాడు, మైకు సెట్టువాడు, పందిళ్ళు వేసే అణ్ణాదురై, సమాధుల గోతులు తవ్వేవాడు ఉన్నారు. అట్ట మీదికి ఇంతకంటే మంచి మొహాలు దొరకలేదా ఈ ఫాదర్‌కి అనుకున్నాడు దామోదరన్. కుర్చీల్లో ఒకటి ఖాళీగా కూడా ఉంది. చివరినుంచి రెండోది. ఎవరో రాలేదు కాబోలు.

సరే, ఖాళీ కుర్చీ ఓ కొసన ఉంది, దాన్ని ఫ్రేములోంచి తప్పించవచ్చు. అసలు చిక్కు నడిమి కుర్చీలో ఉంది. అందులో కూర్చున్నవాడు ముని.

ముని కోయిల్ గేటు దగ్గర కొవ్వొత్తులు అమ్ముకునే ముసలాయన. ఎడమ కాలు బోదకాలు. మోకాలి కిందినుంచి దుంగలాగా వాచి, చర్మం మడతలు పడి, పాదమూ వేళ్ళూ ఆ మడతల్లో సగం పూడిపోయాయి. ఎప్పుడూ దాన్ని వేష్టితో కప్పుకునే కూర్చునేవాడు. ఆ సాయంత్రం మాత్రం ఉపదేశి చెప్పినట్టు వేష్టి పైకి మడిచి, తెల్లగా ఉతికిన తుండు భుజాన వేసుకుని, పెళ్ళికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు.

దామోదరన్ కెమెరాలోంచి చూశాడు. ఎటు జరిగినా ఆ కాలే కనబడింది. జూబిలీ మలర్ ఇంటింటికీ వెళ్తుంది, బిషప్‌గారికి వెళ్తుంది, ఆ అట్ట మీద ఈ కాలా? అతను ముని దగ్గరికి వెళ్ళి వంగాడు. ఉపదేశి అక్కడే నిలబడి ఉన్నాడు, జనం కూడా చేరుతున్నారు. తమిళంలో అంటే నలుగురూ వింటారు. ముని ఇంటి మాట కూడా తెలుగేనని అతనికి ఎప్పుడో చెవిన పడింది.

"మామా," అన్నాడు తెలుగులో, మెల్లగా.

ముని మొహం విప్పారింది. "ఏంది నాయనా?" అంటూ చెయ్యి ఊతం చేసుకుని సగం లేచాడు కూడా.

"నువ్వు ఆ కొసన స్తంభం కాడ కూకో. ఈడ నీ కాలు పడంలో పడతాది. బాగుండదు. కవర్ ఫోటో గదా."

ముని ఒక్క క్షణం అతని మొహంలోకే చూశాడు. తర్వాత "సరి నాయనా" అన్నాడు. వేష్టి కిందికి దించుకుని, ఆ కాలు ఈడ్చుకుంటూ చివరి కుర్చీకి వెళ్ళాడు. అక్కడున్న అణ్ణాదురైని దామోదరన్ నడిమి కుర్చీలో కూర్చోబెట్టాడు. మీసం, ఛాతీ, పటానికి అచ్చు పోసినట్టున్న మనిషి. ఖాళీ కుర్చీ, బోదకాలు, రెండూ స్తంభం నీడలోకి పోయాయి. ఫ్రేము ఇప్పుడు కడిగిన ముత్యంలా ఉంది. ఉపదేశి ఇది చూసి మునిని తమిళంలో కసిరాడు.

"నీది నడిమి కుర్చీ కదా? ఇక్కడికి ఎందుకొచ్చావు?"

"నడుము నొప్పి అయ్యా. ఇక్కడైతే స్తంభానికి ఆనుకోవచ్చు," అన్నాడు ముని.

దామోదరన్ విన్నాడు. ముసలాయన తనని కాపాడుతున్నాడని తెలుసు. లోపల ఏదో చురుక్కుమంది. అంతలో గంట మోగింది, ఆ చురుకుని పక్కన పెట్టి పనిలో పడ్డాడు.

బైబిలు వాక్యం చదువుతుంటే అతను కొత్త ఫిల్ము ఎక్కించుకున్నాడు. తర్వాత ఫాదర్ పైవస్త్రం తీసేసి, నడుముకి తువ్వాలు చుట్టుకుని, మొదటి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయనకి డెబ్బై దాటాయి, కూర్చోవడానికే ఆయాసపడ్డారు. దామోదరన్ తన మామూలు ప్రకారం "ఫాదర్, మొహం ఇటు" అన్నాడు. ఆయన ఎత్తలేదు. అణ్ణాదురై దగ్గర ఇంకోసారి గట్టిగానే అన్నాడు. అణ్ణాదురై ఠీవిగా ఇటు చూశాడు తప్ప ఫాదర్ తల ఎత్తితే ఒట్టు. ప్రతి ఫోటోలోనూ ఒక బట్టతల, కింద నీళ్ళు. అట్టకి పనికొచ్చేది ఒక్కటీ పడలేదు. దామోదరన్‌కి కోపం ముంచుకొచ్చింది.

ఫాదర్ ఖాళీ కుర్చీని దాటి ముందు ముని దగ్గరికి వెళ్ళారు. ఆ వాచిన కాలిని రెండు చేతులతో ఎత్తి పళ్ళెంలో పెట్టారు. అది ఒక్క చేత్తో లేచే కాలు కాదు. మిగతావాళ్ళ కాళ్ళ మీద చెంబుడు నీళ్ళు పోసి ఊరుకున్న మనిషి, దీన్ని మాత్రం మెల్లగా, చాలాసేపు కడిగారు. తర్వాత వంగి దాన్ని ముద్దు పెట్టుకున్నారు. ముందు బెంచీల్లో ఎవరో ఆడమనిషి ముక్కు ఎగబీల్చడం వినబడింది. దామోదరన్ ఆ సమయంలో అటు తిరిగి ఫ్లాష్ బ్యాటరీలు మార్చుకుంటున్నాడు. నిజానికి బ్యాటరీలు అయిపోలేదు.

తిరిగి చూసేసరికి ఫాదర్ ఖాళీ కుర్చీ ముందు మోకరిల్లి, తువ్వాలు చేతిలో పట్టుకుని, నేరుగా తనవైపే చూస్తున్నారు. మొహం ఎత్తారు! ఇంతసేపటికి! దామోదరన్ గబుక్కున కెమెరా కంటికి ఆనించి ఫ్లాష్ వెలిగించాడు. "అట్లే ఉండండి ఫాదర్, ఇంకొకటి," అన్నాడు.

కోయిలంతా నవ్వింది.

"దామోదరన్, వచ్చి కూర్చో," అన్నారు ఫాదర్. "నీ కుర్చీయే ఇది."

"నాదా?"

ఉపదేశి నెత్తి కొట్టుకున్నాడు. "పాదం అని ఫోన్ చేశాను కదయ్యా! కాళ్ళు కడుగుతారు, తప్పకుండా రమ్మని అమ్మతో చెప్పాను!"

అమ్మ చెవి దగ్గర ఒక దీర్ఘం జారిపోయి, ద కాస్తా డ అయింది. పడం కాదు, పాదం. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడినట్టయింది. ఇందరిని ఇటు కూర్చో, అటు చూడు అని ఆడించిన మనిషికి తన కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఉపదేశి రెక్క పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. పక్కనే ముని. ఆ కొసకి మునిని పంపింది తనే, పంపి తన పక్కనే పెట్టుకున్నాడు. తలతిప్పి ఆ మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ఫాదర్ అతని కాలు అందుకోబోయారు. దామోదరన్ కాలు లాక్కున్నాడు. పెద్దవాళ్ళు మన కాళ్ళు ముట్టుకుంటే ఆయుష్షు తరుగుతుందని పుట్టిన దగ్గరినుంచీ విన్నవాడు. అది సగం కారణమే. ఇప్పుడే ఆ ముసలాయన్ని అంత మాట అన్న మనిషి కాళ్ళివి. అది ఈయనకి తెలియదు.

"వద్దు ఫాదర్! మీరు నా కాళ్ళు కడిగేదేంటి? ఎప్పటికీ కుదరదు!" అన్నాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కోయిలంతా గప్‌చుప్ అయిపోయింది. దామోదరన్‌కి ఎందుకో అర్థం కాలేదు.

"ఆ శిష్యుల్లో పేతురు కూడా ఇదే అన్నాడు," అన్నారు ఫాదర్, అతనికి మాత్రమే వినబడేట్టు. ఆయన కళ్ళలో నవ్వుంది. "ఇందాక చదివారు. నువ్వు ఫిల్ము ఎక్కించుకుంటున్నావు."

"నేను మంచివాణ్ణి కాదు ఫాదర్."

"మంచివాళ్ళ కాళ్ళే కడగాలంటే నేను ఈ చెంబు ఎత్తనక్కర్లేదు."

ఆయన కాలు పట్టుకున్నారు. నీళ్ళు చల్లగా తగిలాయి. దామోదరన్‌కి పైనుంచి ఆయన నడినెత్తి కనబడింది. చుట్టూ నెరిసిన వెంట్రుకలు, చెమట, వంగిన మెడ. ఏళ్ళ తరబడి తను పాడైపోయిందని పక్కన పడేసిన బొమ్మే ఇది, మొహం రాని బొమ్మ. ఇందాక కేకలు వేసింది కూడా ఈ తల ఎత్తమనే. కింద కూర్చున్న మనిషి అతని కాలు తప్ప ఇంకేమీ చూడడం లేదు. ఎవరు చూస్తున్నారో, ఎక్కడ వెలుతురుందో ఆయనకి అక్కర్లేదు. వీళ్ళ దేవుడు ఆ రాత్రి ఇట్లాగే తల వంచుకుని కూర్చున్నాడన్నమాట. అప్పుడు కెమెరా ఉంటే, నాలాంటివాడు ఆయన్ని కూడా మొహం ఎత్తమని అడిగేవాడు. ఆ ఆలోచన వచ్చేసరికి దామోదరన్‌కి తల కొట్టేసినట్టయింది. కాలు కడిగించుకుంటున్నవాడు అందరి ముందూ ఏడవడం బాగుండదని పెదవి కొరుక్కున్నాడు.

ఆ తర్వాత పూజలో ఒక్క ఫోటో తీయలేదు. ఫాదర్ అప్పం ఎత్తినప్పుడు ఉపదేశి కెమెరా వైపు రెండుసార్లు సైగ చేశాడు. దామోదరన్ అందరితోపాటు తల వంచుకుని ఉన్నాడు.

పూజ అయ్యాక పాటలు పాడుకుంటూ జనం పక్క మందిరంలోకి కదిలారు. పీఠం మీది గుడ్డలు కూడా తీసేశారు. కుర్చీల దగ్గర ముని ఒక్కడే మిగిలాడు. దామోదరన్ కెమెరా పుచ్చుకుని వచ్చాడు. చేసిన తప్పు దిద్దుకోవాలి, దానికి అతనికి తెలిసిన దారి ఒకటే.

"మామా, ఆ నడిమి కుర్చీలోకి రా. నీ పడమే తీస్తా. ఇదే కవర్‌కి ఇస్తా."

ముని మారుమాట్లాడకుండా చేతులు ఆనించి లేచాడు. కాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి ఆగాడు.

"ఇప్పుడు యాడ కూకోమంటావు నాయనా?" అని అడిగాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అడిగాడు. దామోదరన్‌కి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఒకే సాయంత్రం ఈ ముసలాయన్ని రెండుసార్లు లేపాడు, రెండుసార్లూ పటం కోసమే. మొదటిసారి తన గొప్పకి, రెండోసారి తన మంచితనానికి.

"యాడా వద్దు మామా. ఉన్న కాడనే కూకో," అన్నాడు.

ముని దగ్గరున్న కుర్చీలో కూలబడి కాలు చాచాడు. దామోదరన్ నేల మీద కూర్చుని కెమెరా ఎత్తాడు. ఆ కాలుని ఎప్పుడూ తిన్నగా చూడని మనిషి, లెన్సు తిప్పుతూ తిప్పుతూ ఇప్పుడు చూశాడు. మసకగా ఉన్న మడతలు ఒక్కొక్కటే తేటపడ్డాయి. వాటి సందుల్లో నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయి. కడిగిన ఫాదర్ పైపైన తుడిచారు, లోపలి తడి అట్లాగే ఉండిపోయింది. ఒక మడత లోపల చర్మం ఎర్రగా చిట్లి ఉంది. ముని వంగి ఒత్తుకోవాలని చూస్తున్నాడు. చెయ్యి మోకాలి దాకానే అందుతోంది. అందరూ వెళ్ళినా ఇక్కడే ఉండిపోయింది అందుకే.

దామోదరన్ కెమెరా నేల మీద పెట్టి, జేబురుమాలు తీసి, ఆ కాలిని ఒళ్ళోకి తీసుకున్నాడు. బరువుగా ఉంది. స్తంభం పక్క కిటికీలోంచి వీధిదీపం వెలుతురు సరిగ్గా దాని మీదే పడుతోంది. ఇంత మంచి వెలుతురు ఆ కోయిల్లో అతనికి ఏనాడూ దొరకలేదు. జూబిలీ మలర్ అట్టకి కావలసిన బొమ్మ ఇదే. తీయడానికి మాత్రం అక్కడ ఎవరూ లేరు.

"ఇడువు నాయనా, ఎవురన్నా చూస్తారు," అన్నాడు ముని.

"చూడనీ మామా." మళ్ళీ అన్నాడు, "నేను అట్టా అనకూడదు. తప్పయిపోయింది."

పక్క మందిరంలోంచి పాట వినబడుతోంది.

"కాలు బాగలేదని నువ్వు చెప్పాల్నా? అందరూ కండ్లతో చెప్తానే ఉంటారు. దానికేం లే," అన్నాడు ముని. "మా ఇంటిది పోయినాక నాతో మన మాట మాట్లాడేవాళ్ళు ఎవురూ లేరు. నువ్వు మామా అని తెలుగులో పిలిస్తే, బాగుండావా అని అడిగేదానికి వచ్చినావేమో అనుకున్నా. సంతోషంగా లేసినా."

దామోదరన్ సిగ్గుతో మొహం ఎత్తలేక, రుమాలు వేలికి చుట్టుకుని మడత తర్వాత మడత ఒత్తుతూ కూర్చున్నాడు.

"బాగుండావా మామా?" అన్నాడు.

"ఉండా నాయనా," అన్నాడు ముని. "ఆ బొటనేలి సందులో ఇంకా తడుంది చూడు."